తాళం అందుకున్న మొహమాటం

నిరుడు వేసవిలో, దాళ్వా వరి కోతలప్పటి సంగతి. కొల్లేరు పక్కన మాకు చేపల చెరువులున్నాయి. ఏలూరు నుంచి రోజూ నా చిన్న కారులో నేనే వెళ్తాను. చిన్నదే గానీ తొక్కితే దూసుకుపోతుంది. దాన్ని మార్చి పెద్ద స్పోర్ట్స్ కారు కొనాలని, నడిపి చూడ్డానికి మా వారితో షోరూమ్‌కి వెళ్లాను.

ఫోన్ చేసింది నేను. సేల్స్ అతను తాళం మాత్రం మా వారి చేతిలో పెట్టాడు. "మేడం గారు వెనకాల కూర్చుంటారండీ" అంటూ ముందు సీటు మడిచి నన్ను లోపలికి పంపాడు. ఆ కారుకి రెండే తలుపులు. వెనక మోకాళ్లు గడ్డానికి తగిలాయి.

మా వారికి లైసెన్సుంది గానీ, స్టీరింగ్ పట్టి పదేళ్లయింది. ఆ మాట ఆయనే చెప్తారని చూశాను. చెప్పలేదు!

సేల్స్ అతను పక్కన కూర్చోగా మా వారు కారు తీశారు. సర్వీసు రోడ్డు మీద సగందాకా ధాన్యం ఆరబోశారు. "బ్రేకండీ!" అని నేను అరిస్తే, కంగారులో ఈయన యాక్సిలరేటర్ తొక్కారు. ధాన్యం తిరగేస్తున్న ముసలావిడ పక్కకి దూకింది. కారు ధాన్యంలో కూరుకుని ఆగింది.

"మనుషులు కనపడట్లేదా అయ్యా?" అని ఆవిడ అరుస్తోంది. దిగి చేతులు పట్టుకుందామంటే నా వైపు తలుపే లేదు.

కారు మళ్లీ షోరూమ్‌కి తెచ్చింది నేనే. "మేడం గారికి డ్రైవింగ్ వచ్చాండీ?" అన్నాడతను, మా వారితో!

"తాళం ఎందుకు తీసుకున్నారండీ?" అని ఇంట్లో నిలదీశాను.

"మర్యాదగా ఇచ్చాడు కదా, వద్దంటే బాగోదని..."

కారు కొనలేదు. అతని మీదా, ఈయన మీదా కోపం ఎప్పుడో పోయింది. 'నడిపేది నేను' అన్న ఒక్క మాట, నలుగురిలో ఈయన చిన్నబోతారని, నేనూ మింగేశాను. నా మీద నాకున్న ఆ కోపం మాత్రం పోవట్లేదు.