మా మేడం అడిగిన కుర్చీ

మా మేడం పోయారన్న కబురు నేను చేపల, రొయ్యల మేత బస్తాల లారీ దగ్గర నిలబడి ఉండగా వచ్చింది. గుడివాడలో మా కొట్టు ముందు లారీ అడ్డంగా ఆగింది, వెనక బస్సువాడు ఆపకుండా హారన్ కొడుతున్నాడు, నేను లారీ డ్రైవర్ మీద కేకలేస్తున్నాను. అప్పుడు ఫోన్ మోగింది. మేడం తమ్ముడు.

"అక్క పోయిందండీ. పొద్దున్నే బందరు వెళ్తానని బయల్దేరింది. వాకిట్లో చెప్పులు తొడుక్కుంటూ గోడ పట్టుకుంది. అంతేనండీ," అన్నాడు.

నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆవిడ కిందటి ఆదివారం నన్నొక మాట అడిగి వెళ్లారు. వచ్చేవారం చెబుతానన్నాను. ఆ వచ్చేవారం ఇంకా రానేలేదు. క్లాసులో జవాబు చెప్పందే ఎవరినీ కూర్చోనిచ్చేవారు కాదు గదా, మరి తాను అడిగినదానికి జవాబు వినకుండా వెళ్లిపోవడమేమిటి? ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ కోపం పూర్తిగా తగ్గలేదు. పాఠకులు క్షమించాలి.

బందరు కాలేజీలో ఆవిడ మాకు ఎకనామిక్స్ చెప్పేవారు. దివిసీమలో కోడూరు దగ్గర ఒక పేట ఆవిడ సొంతూరు. కూలి చేసుకునే క్రైస్తవ కుటుంబం. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ బందరులో ఉండి, రిటైరయ్యాక తల్లి, తమ్ముడు ఉన్న పేటకే వెళ్లిపోయారు. వెళ్లారన్న మాటేగాని అక్కడ మాత్రం కాలు నిలిచిందా? ఇవాళ బందరు, రేపు అవనిగడ్డ, ఎల్లుండి ఇంకెక్కడో. ఆవిడకి కుదురన్నది లేదు. బోర్డు దగ్గర మొదలుపెట్టిన వాక్యం చివరి బెంచీ దగ్గర పూర్తయ్యేది. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా ముందు తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడేవారు. కూర్చోండి మేడం అంటే, "కూర్చుంటే బుర్ర కూడా కూర్చుంటుందయ్యా" అనేవారు.

కోనేరు సెంటర్లో ఆవిడతో నడవడమంటే ఒక శిక్ష. కొనేది పావుకిలో టమాటాలు, ధర అడిగేది బజారులో ఉన్న ప్రతి వస్తువుకీ. లుంగీల ధర, రోల్డుగోల్డు గాజుల ధర, ప్లాస్టిక్ బిందెల ధర. ఒకసారి పళ్లబండి సాయిబు గారు విసుక్కున్నాడు.

"మేడం గారూ, రోజూ అడుగుతారు, కొనేదెప్పుడండీ?"

"ధర అడగడానికి డబ్బులక్కర్లేదు సాయిబు గారూ. అడగడానికే భయపడే ఇంట్లో పుట్టాను. ఆ ముచ్చట తీర్చుకోనివ్వండి."

సాయిబు గారు నవ్వి ఒక జామకాయ కోసి ఉప్పు అద్ది చేతిలో పెట్టాడు. దాని ధర కూడా అడిగారు ఆవిడ.

ఆర్థిక సంస్కరణల పాఠం మొదలైన రోజు మా క్లాసు రెండుగా చీలింది. ఎర్రజెండా పట్టుకు తిరిగే కుర్రాడొకడు లేచి, "మార్కెట్ పేదవాణ్ణి మింగేస్తుందండీ" అన్నాడు. "పేదవాడంటే ఎవరు? పేరు చెప్పు," అన్నారు మేడం. వాడు నీళ్లు నమిలాడు. రైసుమిల్లు వాళ్ల అబ్బాయి హుషారుగా లేచి, "మార్కెట్ అందరికీ మేలు చేస్తుందండీ" అన్నాడు. "అందరూ అంటే ఎవరు? పేరు చెప్పు." వాడూ నీళ్లు నమిలాడు. ఇద్దర్నీ నిలబెట్టే ఉంచి, ఆ రోజు ఆవిడ వాళ్లమ్మ గురించి చెప్పారు.

"మా అమ్మ ఏళ్ల తరబడి ఒకే కామందు చేలో నాట్లు వేసింది. మా పేటవాళ్లని కూలికి పిలిచేది ఆయనొక్కడే. రమ్మన్న పొద్దుకి వెళ్లాలి, ఇచ్చింది తీసుకోవాలి, జ్వరమొచ్చినా వెళ్లాలి. చెడ్డవాడేం కాదు, పండక్కి చీర పెట్టేవాడు. కాని ఆయన తప్ప ఇంకొకడు లేడు. తర్వాత రొయ్యల తలకాయలు తీసే షెడ్లు వచ్చాయి. పొద్దున్నే మా పేట మొగలో రెండు ఆటోలు వచ్చి ఆగేవి. ఇటు రా అక్కా అని ఒకడు, వాడి ఆటో ఎక్కొద్దక్కా అని ఇంకొకడు. అలాంటి రోజుల్లోనే కామందు మనిషి కబురు తెస్తే మా అమ్మ 'రేపొస్తాలే' అంది. అని లోపలికొచ్చి, తలుపేసుకుని నవ్వింది. మా అమ్మ అలా నవ్వగా అంతకుముందు నేను చూళ్లేదు."

"ఇద్దరు పిలిస్తేనే కూలికి మర్యాద," అన్నారావిడ. "సంస్కరణల గురించి పుస్తకంలో చాలా ఉంది, చదువుకోండి, పరీక్షలో రాయండి. నాకు తెలిసింది మాత్రం ఆ రేపొస్తాలే. ఐసులో చేతులు పెట్టి పెట్టి మా అమ్మ వేళ్లు పాసిపోయాయి, అది కూడా రాసుకోండి."

నాకు ఆ పాఠం బాగా ఒంటబట్టింది. ఎందుకంటే మా ఇంట్లో జరిగిందీ అదే. మాది నందివాడ దగ్గర. వరి వేసినన్నాళ్లూ మా నాన్న ముఖంలో వెలుగు చూడలేదు. పొలం తవ్వి చేపల చెరువు చేశాకే మేం కడుపునిండా తిన్నాం, నేను బందరు వచ్చి చదివాను. మేడం ఒకసారి మా చెరువు చూడటానికి వచ్చారు. గట్టు మీద ఆ చివర్నుంచి ఈ చివరకి తిరిగి, చేపల ధర, మేత ధర, ఐసు ధర అన్నీ అడిగి, చివరికి మా నాన్నని ఒక మాట అడిగారు.

"మీ పక్క చేనాయన ఏమన్నాడండీ?"

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారని ఒక ఏడు మొండికేశాడమ్మా. మా చెరువు ఊటకి చేనంతా జౌకు పట్టి వరి కుళ్లింది. వాడూ తవ్వేశాడు. తవ్వక ఏం చేస్తాడు?"

మా నాన్న నవ్వుతూ చెప్పాడు. మేడం కూడా మర్యాదకి నవ్వారు. తిరుగు బస్సు కోసం నిలబడ్డప్పుడు మాత్రం ఆ నవ్వు లేదు. "తవ్వక ఏం చేస్తాడు," అని తనలో తనే అనుకున్నారు. "ఆయన్ని ఎవరూ పిలవలేదు గదయ్యా. నెట్టారు. నేను ఈ రెండూ ఒకటేలా చెబుతున్నానా ఏంటి క్లాసులో?" ఆ తర్వాత పాఠం మార్చలేదు ఆవిడ. సంస్కరణల వల్ల పేదరికం తగ్గిందనే చెప్పేవారు, గట్టిగానే చెప్పేవారు. చెప్పాక బోర్డుకేసి తిరిగి ఇంకేదో రాయబోయి ఆగిపోయేవారు. ఆ ఆగడం అంతకుముందు లేదు.

ఇక కిందటి ఆదివారం సంగతి.

వాళ్ల పేట వెనక మంచినీళ్ల చెరువుంది. దానికి మూడు పక్కలా ఇప్పటికే రొయ్యల చెరువులు తవ్వేశారు. ఎండాకాలం వస్తే నీళ్లు ఉప్పెక్కి, పేటవాళ్లు క్యాన్ల నీళ్లు కొనుక్కుంటారు. మిగతా రోజులు ఆ చెరువు నీళ్లే. నాలుగో పక్క ఒక్కటే వరి చేను. ఆ చేను యజమాని విజయవాడలో ఉంటాడు. రొయ్యల చెరువుకి లీజుకిస్తానన్నాడు. తీసుకుందామనుకున్నది నేను. నాకూ అవసరముంది మరి. ఎక్కడో సముద్రాల అవతల మన రొయ్యల మీద సుంకం పెంచితే ఇక్కడ గుడివాడలో నా కొట్టులో మేత బస్తాలు కదలడం మానేశాయి, సొంత చెరువుంటే ఆ మేతైనా చెల్లుతుందనుకున్నాను. బేరం దగ్గరపడిందని మేడంకి ఎలా తెలిసిందో, బస్సులు మారి మారి మా కొట్టుకొచ్చారు. కుర్చీ వేయించాను. కూర్చోలేదు.

"ఆ చేను సంగతేనా మేడం? గట్టు బలంగా పోయిస్తానండీ. చుట్టూ కాలవ తవ్విస్తాను. చుక్క ఊట రానివ్వను," అని నేనే మొదలుపెట్టాను.

"నేనింకా ఏమీ అననేలేదు గదయ్యా. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఎందుకు?"

"నేను కాకపోతే ఇంకొకడు తీసుకుంటాడండీ."

"తీసుకోనీ. వాడితో నేను పోట్లాడతాను. వాడికి నేను పాఠం చెప్పలేదు."

బస్తాల మధ్య అటూ ఇటూ తిరుగుతూనే మాట్లాడారు. "తవ్వొద్దని చెప్పడానికి రాలేదు. మా అమ్మకి శ్లాబు ఇల్లిచ్చింది రొయ్యే. నీ చెరువు మీద కాపలా పని దొరుకుతుందని మా తమ్ముడు ఆశపడుతున్నాడు కూడా. పేటలో సగం మంది తవ్వమంటారేమో, నాకు తెలీదు. అసలు వాళ్లనెవరడిగారు? ఈ బేరంలో నీకో కుర్చీ ఉంది, చేను యజమానికో కుర్చీ ఉంది. ఆ నీళ్లు తాగేవాళ్లకి కుర్చీ ఏది? కుర్చీ లేనివాడి నెత్తిన ఖర్చు పెట్టి, మిగిలింది లాభమనకు. నేను నీకలా చెప్పలేదు."

నేను బస్తాల లెక్క పుస్తకం తిరగేశాను.

"సంతకం పెట్టేముందు పేటకొచ్చి అడుగు. తవ్వమంటే తవ్వు, వద్దంటే ఊరుకో. వస్తావా?"

"చూస్తానండీ. వచ్చేవారం చెబుతాను."

ఆవిడ నా ముఖంలోకి చూసి నవ్వారు. "మా అమ్మ రేపొస్తాలే అన్నప్పుడు అవతల కామందు ఉన్నాడు. నువ్వు వచ్చేవారం అంటున్నావే, అవతలున్నదెవరయ్యా?" అని, పామర్రు బస్సు వచ్చిందని గబగబా రోడ్డు దాటేశారు. అదే ఆఖరు చూపు.

పోయిన కబురు విన్న గంటకే బండేసుకుని బయల్దేరాను. చల్లపల్లి దాటాక దారి పొడవునా నీళ్లే. కాలవలో నీళ్లు, చేలో నీళ్లు, చెరువుల్లో తెల్లగా నురగలు కక్కుతూ తిరిగి నీళ్లకి గాలందించే ఏరేటర్లు. ఆ చెరువుల వెంట కొత్త శ్లాబు ఇళ్లు, ఇళ్ల ముందు బళ్లు, చదువుకునే పిల్లలు. వీటిని చూసి మేడం సంతోషించేవారు. ప్రతి ఇంటి అరుగు మీదా క్యాన్లు. అవి చూసి ఏమనేవారో నాకు తెలుసు. ఈ రెంటినీ కలిపి ఒక్క వాక్యంలో చెప్పలేకే కాబోలు ఆవిడ అలా తిరిగేవారు.

సాయంత్రం సమాధుల దొడ్లో ప్రార్థన అయింది. పాటలు పాడారు. తలా గుప్పెడు మట్టి వేశాం. అంతసేపు కదలకుండా ఉన్న మేడంని నేను అంతకుముందు చూడలేదు, అక్కడ మాత్రం ఏడుపొచ్చింది.

పేటకి తిరిగొచ్చి, మట్టి చేతులు కడుక్కోవడానికి వరసలో నిలబడ్డాం. నీళ్లు పోస్తున్నది మేడం వాళ్లమ్మ. బాగా పెద్దదైపోయింది, నడుం వంగింది. క్యాన్లోంచి చెంబులోకి వంచుకుని, ఒలికిపోకుండా, ఒక్కొక్కరి దోసిట్లో కొంచెం కొంచెం పోస్తోంది. ఎదురుగా అంత చెరువుంది, ఎండాకాలం ఎక్కిన ఉప్పు ఈ ఏడు ఇంకా దిగలేదట, కొన్న నీళ్లతో చేతులు కడుక్కుంటున్నాం. నా వంతు వచ్చింది. చెంబు ఆపింది.

"ఆ చేను తీసుకునేది నువ్వేనంట గదయ్యా?"

"అమ్మా, ఇప్పుడేంటే ఆ మాటలు!" అన్నాడు మేడం తమ్ముడు.

"ఇప్పుడే. ఆదివారం వచ్చి చెప్పింది అది. ఆ అబ్బాయి వస్తాడే, వచ్చి మనల్ని అడుగుతాడే అంది. వచ్చాడుగా."

చూస్తానన్నవాణ్ణి వస్తానన్నానని చెప్పారన్నమాట మేడం. జనం చుట్టూ చేరారు. ఎవరో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి నా వెనక వేశారు. కూర్చోబుద్ధి కాలేదు. నిలబడే అడిగాను.

"చెరువు తవ్వమంటారా, వద్దంటారా?"

"పని దొరుకుద్ది గదండీ," అన్నాడొక కుర్రాడు.

"పని దొరుకుద్ది, నీళ్లెక్కడ దొరుకుతాయిరా? నువ్వు కొంటావా క్యాను నాకు?" అంది వాడి పక్కనున్నామె.

మాటామాటా పెరగబోయింది. ముసలామె చెంబున్న చెయ్యి ఎత్తింది. అందరూ ఆగారు.

"రేపు చెబుతాంలే అయ్యా," అంది. "రేపు రా."

నా జేబులో ఫోన్ మోగింది. చేను యజమాని.

"ఏమైందండీ? అవతల ఇంకో పార్టీ రెడీగా కూర్చుంది."

"రేపు చెబుతానండీ. వీళ్లనడిగాను, రేపు చెబుతామన్నారు."

"వీళ్లంటే ఎవరండీ?"

అచ్చం మేడం అడిగినట్టే అడిగాడు. ఎవరని చెప్పను? ఆ పేటలో ఒక్కరి పేరు నాకు తెలీదు. ఫోన్ చేత్తో మూసి, ముసలామెని పేరడిగాను. చెప్పింది. ఆ పేరు ఫోన్లో చెప్పాను. అవతల ఫోన్ పెట్టేశాడు. రేపటిదాకా ఆ చేను ఆగుతుందో లేదో నాకు తెలీదు.

బండి తిప్పుకుంటూ వెనక్కి చూశాను. మంచినీళ్ల చెరువు పక్కన పేటవాళ్లంతా గుంపుగా చేరి, చేతులూపుతూ వాదించుకుంటున్నారు. వాళ్ల మధ్య, నాకోసం వేసిన కుర్చీలో ముసలామె కూర్చుని ఉంది.