మాస్టారు విడిపించిన బొటనవేలు

మా టైపు మాస్టారు పోయారు. పోయిన ఆదివారం పొద్దున్న చర్చికి వెళ్దామని ఇస్త్రీ చొక్కా వేసుకుని, గుండీలు పెట్టుకుంటూ మంచం మీద కూర్చున్నారట. ఇంకా ఒక్క గుండీ మిగిలి ఉండగానే వెనక్కి వాలిపోయారు. ఆయన భార్యని మేమంతా అమ్మగారు అనేవాళ్ళం. ఆవిడే ఫోన్ చేసి, "మీ మాస్టారు లేరమ్మా" అని పెట్టేశారు. ఆ కబురు వచ్చేసరికి నేను కీబోర్డు ముందే ఉన్నాను. దాని మీద ఏ అక్షరం ఎక్కడ ఉండాలో నాతో కూర్చుని తేల్చింది ఆయనే.

రాజాం బస్టాండు వెనక సందులో, విత్తనాల కొట్టు మేడ మీద ఉండేది ఆయన ఇన్‌స్టిట్యూట్. ఇంటర్ పరీక్షలయ్యాక చేరాను. అప్పటికే టైపు మిషన్లకి కాలం చెల్లింది. ఎనిమిది మిషన్లకి ముగ్గురమే శిష్యులం. మాస్టారు మాకు వీపు పెట్టి, కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చునేవారు. అలా కూర్చునే, "ఆ మూడో మిషను మీద ఉంగరం వేలు బద్ధకిస్తన్నాది, సూసుకో" అనేవారు. మూడో మిషను నాదే. ఈయన ఎదురుగా ఎక్కడో అద్దం దాచుకున్నారని నా అనుమానం. ఆయన టీకి కిందకి దిగినప్పుడు వెళ్ళి వెతికాను కూడా. కిటికీ అంచు మీద బైబిలు, కళ్ళజోడు డబ్బా తప్ప ఏమీ లేవు. ఆయన చెవులతోనే వేళ్ళని చూసేవారని ఒప్పుకోవడానికి నాకు నెల పట్టింది.

ఒక్క విషయంలో మాత్రం ఆయన మహా మొండి. మాటకీ మాటకీ మధ్య ఖాళీ వదలడానికి కొట్టే స్పేసు బారు కుడి బొటనవేలితోనే కొట్టాలి. ఎడమ బొటనవేలు ముడుచుకుని ఊరుకోవాలి. ఊరుకోదని ఆయనకి తెలుసు. అందుకని ఒక్కొక్కరి ఎడమ బొటనవేలి మడతలో ఒక చింతపిక్క పెట్టేవారు. పిక్క జారి బల్ల మీద టక్కుమందా, పేజీ మళ్ళీ మొదటి నుంచి. నేనెన్ని పేజీలు మళ్ళీ కొట్టానో చెప్తే పరువు పోతుంది. చివరికి నా ఎడమ బొటనవేలు కదలడం మానేసింది. టైపు హయ్యరు పరీక్ష పాసయ్యాను. ఆ చదువే ఈ రోజుకీ నాకు అన్నం పెడుతోంది. డాక్టర్లు రికార్డు చేసి పంపిన మాటలు విని, ఇంట్లో కూర్చుని టైపు చేసి పంపడం నా పని.

నాకు ఇంకో పిచ్చి ఉంది. శనివారం మధ్యాహ్నం నలుగురు పాత స్నేహితులం కంప్యూటర్‌లో తుపాకుల ఆట ఆడతాం. అందులో ఎడమ చేత్తో నడవాలి, కుడి చేత్తో మౌస్ పట్టుకుని గురి చూడాలి, స్పేసు కొడితే గోడ దూకాలి. లోకమంతా ఎడమ బొటనవేలితో దూకుతుంది. నేను కుడి చేతిని మౌస్ మీంచి తీసి, అక్కడినుంచి ఇక్కడికి తెచ్చి, కుడి బొటనవేలితో దూకేదాన్ని. దూకి దిగేలోగా ఎవడో ఒకడు నన్ను కాల్చేసేవాడు. "ఒసే, మౌస్ ఒదిలీసి దూకుతావేటే!" అని ఆమదాలవలస నుంచి ఆడే నా స్నేహితురాలు నెత్తీ నోరూ కొట్టుకునేది.

కిందటేడు కుడి మణికట్టు నొప్పి మొదలైంది. బొటనవేలి మొదట్లోంచి మోచేతి దాకా లాగేది. గ్లాసు ఎత్తలేకపోయాను. డాక్టరు చూసి, టైపు తగ్గించకపోతే లాభం లేదన్నారు. తగ్గిస్తే నా బతుకు ఏమిటి? రెండు ముక్కలుగా విడిపోయే కీబోర్డుల గురించి చదివాను. ఏ మీట ఎక్కడ ఉండాలో మనమే నిర్ణయించుకోవచ్చట. విడి భాగాలు తెప్పించుకున్నాను గానీ, అక్షరాలు ఎలా పేర్చాలో తేలక రెండు వారాలు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. ఆఖరికి మాస్టారింటికి వెళ్ళాను.

ఆయన అప్పటికే ఇన్‌స్టిట్యూట్ మూసేసి, ఒక్క మిషను మాత్రం ముందు గదిలో ఉంచుకున్నారు. ప్రతి వారం చర్చిలో పంచే ప్రకటనల కాగితం దాని మీదే కొట్టేవారు. నా గోడు విని, "ఏటమ్మా, నేను నేర్పింది నీ సెయ్యిరగ్గొట్టిందా?" అన్నారు. నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు.

ఆ రోజు ఆయన చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. అమ్మగారిని అడిగి జల్లెడ పట్టిన బియ్యప్పిండి తెప్పించారు. బల్ల మీద నల్ల గుడ్డ పరిచి, దాని మీద పల్చగా పిండి చల్లారు. "కళ్ళు మూసుకో. అలిసిపోయి సేతులు బల్ల మీద పడేస్తావు సూడు, అలా పడెయ్" అన్నారు. పడేశాను. కళ్ళు తెరిస్తే పది వేళ్ళ అచ్చులు. రెండు చేతులకీ మధ్య జానెడుకి పైనే ఖాళీ. చిటికెన వేళ్ళు బాగా కిందకి, మధ్య వేళ్ళు పైకి. "సూసేవా? ఏ రెండు వేళ్ళూ ఒక్క గీత మీద లేవు. మరి మీటలెందుకుండాల ఒక్క గీత మీద?" అన్నారు. అట్ట ముక్కలు కత్తిరించి ఆ అచ్చుల మీద పేర్చారు. ఒక మీట నొక్కి పట్టుకుంటే మిగతా మీటలన్నీ అంకెలుగా మారతాయని భయపడుతూ చెప్పాను. "షిఫ్టు లాంటిదే కదా, ఆ మాత్రం తెలీదేటి" అని తీసిపారేశారు.

ఆట సంగతి దాచాలనుకున్నాను. "దీంతో ఇంకేటి సేస్తావు, నిజం సెప్పు" అని అడిగేసరికి లాప్‌టాప్ తెరిచి ఆడి చూపించాను. ఆ తుపాకుల మోతకి అమ్మగారు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చారు. మాస్టారు తెర చూడలేదు, నా చేతులే చూశారు. నేను మూడోసారి దూకి చచ్చాక, "ఆగు" అన్నారు. నా ఎడమ చెయ్యి పట్టుకుని, ముడుచుకున్న బొటనవేలిని మెల్లగా విప్పారు.

"ఇది పడుకోలేదమ్మా, నేను పడుకోబెట్టేను. నలభయ్యేళ్ళపాటు వచ్చినోళ్ళందరికీ ఇలాగే సేసేను. ఈ తప్పు నాది" అన్నారు.

మాస్టారి నోట తప్పు అనే మాట అంతకుముందు మా గురించే విన్నాను. అదీ ఓ ఆట చూసి, శిష్యురాలి ముందు, అమ్మగారు వింటుండగా. అంత పెద్దమనసు నేను ఇంకెవరిలోనూ చూడలేదు.

టైపుకి కుడివైపు, ఆటకి ఎడమవైపు రెండు స్పేసులు పెట్టుకుందామని బేరమాడాను. ఒప్పుకోలేదు. "ఆడేటప్పుడు కుడి ముక్క అవతల పెట్టీసి మౌస్ పట్టుకుంటావు కదా. స్పేసు ఎడమ ముక్క మీదే ఉండాల. రెండు దగ్గర్ల పెడితే పాత బుద్ధి పోదు" అన్నారు. కుడి బొటనవేలి కింద చెరిపే మీట పెట్టించారు.

టీవీలు బాగుచేసే ఆయన దగ్గర కూర్చుని టంకాలు వేయించుకుని బోర్డు తయారు చేసుకున్నాను. ఇక మొదలైంది నా అవస్థ. అలవాటుగా కుడి బొటనవేలు కొట్టినప్పుడల్లా ఖాళీ రాకపోగా ఉన్న అక్షరం ఊడిపోయేది. ఏడుపొచ్చి ఫోన్ చేస్తే, మాస్టారు పకపకా నవ్వి, "నేను నేర్పిందాన్ని అది సెరిపేస్తన్నాది, సెరపనీ" అన్నారు. నెల తిరిగేసరికి చేతులు దారిలో పడ్డాయి, నొప్పి తగ్గింది. పని పోలేదు. ఒక శనివారం మౌస్ వదలకుండా గోడ దూకితే, "ఎవులే నువ్వు, దాన్నేటి సేసేవు?" అని ఆమదాలవలస నుంచి కేక వినిపించింది.

ఆ కబురు చెప్పడానికి వెళ్తే, మాస్టారు వాచిన తన కుడి బొటనవేలు చూపించి, "నాకూ ఒకటి సేసి పెట్టమ్మా. చర్చి కాగితం దాని మీద కొడతాను" అన్నారు. పిండిలో ఆయన చేతులూ పడేయించి, అట్ట మీద ఎర్ర పెన్సిలుతో ఆయన చేతుల గీతలు గీశాం. మీటల గళ్ళు గీసి అక్షరాలు ఆయనే రాశారు. నేను ఫోటో తీసుకుని, వచ్చే నెలలో చేసిస్తానన్నాను. ఆ నెల పోయింది, ఇంకో రెండు నెలలు పోయాయి. పని ఉందన్నాను. నిజానికి ఉంది కూడా. అయినా శనివారాల ఆట మాత్రం మానలేదు. ఈ సిగ్గు నన్ను వదలదు.

సమాధి కార్యక్రమం అయిన మూడో రోజు అమ్మగారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ లోపలికి వెళ్ళి ఆ అట్ట తెచ్చి నా ఒళ్ళో పెట్టారు.

"రోజూ టీ తాగీసి దీని ముందు కూకునేవోరు. ఆ పిల్ల తెచ్చేలోగా సెయ్యి తిప్పుకోవాల అని. ఉత్త అట్ట మీద టకటకా కొట్టుకుంటంటే నేను నవ్వీదాన్ని" అన్నారు.

ఎడమ బొటనవేలి కింది గడిలో ఆయన రాసిన 'స్పేసు' అన్న మాట అరిగిపోయి, అక్కడ అట్ట గుంటపడి నున్నగా ఉంది. అమ్మగారు పిడికిలి విప్పి ఇంకోటి కూడా నా చేతిలో పెట్టారు. ఒక చింతపిక్క.

"ఇది కుడి బొటనేలి మడతలో పెట్టుకునీవోరు. జారిపోతే మళ్ళీ మొదట్నుంచీ కొట్టుకునీవోరు."