అక్క కారు బ్రేకు

మేస్త్రికి ఈమధ్య కారు కిందికి దూరడం కన్నా బయటికి రావడమే పెద్ద పని అయిపోయింది. గోనెపట్టా పరుచుకుని వెల్లకిలా పడుకోవడం వరకూ బాగానే ఉంటుంది. లేవాలంటేనే నడుము ససేమిరా అంటుంది. అందుకని పని అయిపోయినా కాసేపు అలాగే పడుకుని ఇంజను అడుగుభాగం చూస్తూ ఉండిపోతాడు. షెడ్డు ముందు నుంచి పోయేవాళ్ళకి కనిపించేది రెండు కాళ్ళే కాబట్టి, ఎంత శ్రద్ధగా పని చేస్తున్నాడో అనుకుంటారు. అందులో సగం కునుకని వాళ్ళకేం తెలుసు!

షెడ్డు మూసేయమని భార్య పోరు పెట్టి చాలాకాలమైంది. మూసేస్తానని అతనూ అంటూనే ఉన్నాడు. చేతిలో ఉన్న బండ్లు అయిపోనీ అన్నాడు, అయిపోయాయి. ఇంకా ఏం అడ్డం అంటే అక్క కారు.

"ఆ ముసల్దానికి నేను తప్ప దిక్కెవరే?" అనేవాడు.

"ఏ ముసల్ది? కారా, మీ అక్కా?" అనేది భార్య.

ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. నవ్వడం అయ్యాక అతను చెప్పులేసుకుని మళ్ళీ షెడ్డుకే పోయేవాడు.

అక్క కారు అతని పెళ్ళికన్నా పాతది. గుండ్రటి దీపాలు, బరువైన ఒళ్ళు, తలుపు తీస్తే బీరువా అయినా పట్టేంత వెడల్పు. ఆ వెడల్పే ఇప్పుడు ఆ ఇంటికి ఆధారం. బావగారికి పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. మాట ముద్దగా వస్తుంది, కాలు మడత పడదు. కొత్త కార్లలో ఎక్కించబోతే ఆ కాలు బయటే ఉండిపోతుంది. ఈ పాత కారులో మాత్రం ముందు సీటు మీద కూర్చోబెట్టి మెల్లగా తిప్పితే కాలు కూడా లోపలికి వచ్చేస్తుంది. అలా ఎక్కించుకుని అక్క తానే నడుపుకుంటూ ఆయన్ని వారం వారం ఆస్పత్రికి తీసుకెళ్ళి వ్యాయామాలు చేయించుకొస్తుంది. అవి మానేస్తే మనిషి మళ్ళీ మంచానికి అతుక్కుపోతాడని డాక్టరు మొహం మీదే చెప్పాడు.

ఆ కారు నడిరోడ్డు మీద పట్టేసింది. అదీ బావగారు లోపల ఉండగా, అదీ మేస్త్రి తన చేతులతో కొత్త మాస్టర్ సిలిండర్ బిగించి ఇచ్చాక!

బ్రేకు తొక్కితే నూనెను నాలుగు చక్రాలకూ తోసేది ఆ సిలిండరే. ఇంటి నుంచి బయల్దేరినప్పుడు బాగానే ఉందట. పోనుపోను కారు బరువెక్కింది. కూడలి దగ్గరకొచ్చేసరికి నాలుగు చక్రాలూ బిగుసుకుపోయి కదలనంటే కదలనన్నాయి. వెనక హారన్ల మోత. లోపల బావగారికి చెమటలు. దిగి తొయ్యబోయిన పుణ్యాత్ములు కూడా చేతులెత్తేశారు.

"ఏం బిగించావురా నాయనా? నన్నూ ఆయన్నీ కట్టకట్టి పంపిద్దామనా?" అంది అక్క ఫోనులో.  

మేస్త్రి వెళ్ళి చక్రం దగ్గర నూనె వదిలే నిపుల్‌ని కాస్త వదులు చేశాడు. నూనె చివ్వున చిమ్మింది, చక్రాలు వదిలాయి. ఎలాగోలా వాళ్ళని ఇల్లు చేర్చి, కారుని షెడ్డుకి తెచ్చుకున్నాడు. అప్పటి నుంచి బావగారు గడప దాటలేదు. ఆస్పత్రికి వెళ్ళాల్సిన రోజు ఒకటి వచ్చి పోయింది కూడా.

"నువ్వు బాగైందని చెప్తేనే మళ్ళీ ఎక్కిస్తాను" అంది అక్క. అలా అనకుండా నాలుగు తిట్టినా బాగుండేదని అతనికి అనిపించింది.

ఇక మొదలయ్యాయి తిప్పలు. గొట్టాల్లో గాలి ఉండిపోయిందేమోనని భార్యని పెడల్ దగ్గర కూర్చోబెట్టాడు. "తొక్కు" అంటే తొక్కి, "వదులు" అంటే వదిలి, ఆవిడ కాళ్ళు పడిపోయాయి కానీ గాలి బుడగ ఒక్కటీ రాలేదు. చక్రాల దగ్గరి రబ్బరు గొట్టాలు లోపల ఉబ్బాయేమోనని కొత్తవి వేశాడు. డ్రమ్ములు విప్పి స్ప్రింగులు చూశాడు. అన్నీ నిక్షేపంగా ఉన్నాయి. కారు మాత్రం బజారు చివరిదాకా వెళ్ళి, వేడెక్కి, మళ్ళీ మొండికేసింది. చక్రం మీద చెయ్యి పెడితే చుర్రుమంది.

"కొత్త సామానే దొంగ సరుకై ఉంటుంది" అని తిట్టుకున్నాడు. తప్పు సామాను మీదికి తోసేస్తే మెకానిక్కుకి కాస్త ఊపిరాడుతుంది. దాన్నీ విప్పి చూశాడు. ఏ లోపమూ లేదు. మళ్ళీ బిగించాడు. అలా పట్టా మీద పడుకునే అన్నం సంగతి మర్చిపోయాడు, భార్య క్యారేజీ తెచ్చి పాదం మీద తట్టేదాకా.

ఇక చెయ్యడానికేమీ మిగల్లేదనుకున్నాక, పట్టేసిన కారు ముందు నిలబడి, విసుగుతో సిలిండరుని కారు ఒంటికి పట్టి ఉంచే రెండు నట్లనీ పానాతో కాస్త వదిలించాడు. సిలిండరు వెంట్రుకవాసి ముందుకి జరిగింది. అంతే, బిగుసుకున్న చక్రాలు వదిలి కారు దానంతట అది కదిలింది. అతను పానా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

రాడ్డు! పెడల్ నుంచి సిలిండరులోని పిస్టను మీదికి వచ్చే రాడ్డు పొడుగెక్కువైంది. కాలు తీశాక పిస్టను పూర్తిగా వెనక్కి వస్తేనే లోపలున్న సన్నటి రంధ్రం తెరుచుకుని, చక్రాలకి వెళ్ళిన నూనె తిరిగి వస్తుంది. రాడ్డు ఒత్తుతూనే ఉంటే ఆ రంధ్రం మూసుకునే ఉంటుంది. వేడికి ఉబ్బిన నూనె పోయే దారి లేక చక్రాల్నే బిగిస్తుంది. ఇది అతనికి తెలియని విద్య కాదు. ఎవరి కారైనా అతను మొదట చూసేది ఆ రాడ్డే. అక్క కారులో మాత్రం దాని జోలికి పోలేదు. అది కారు కొలత కాదు, అక్క కొలత.

కొన్నేళ్ళుగా ఇదే వరస. "పెడల్ లోతుకి పోతోందిరా తమ్ముడూ" అంటూ అక్క వచ్చేది. అతను రాడ్డుని బిగించి ఉంచే లాక్‌నట్ వదిలించి, రాడ్డుని కాస్త పొడుగు చేసి, బ్రేకు పైనే పట్టేలా పెట్టేవాడు. టీ చల్లారేలోపు అయిపోయే పని. "ఇప్పుడు బాగుంది, నా బంగారం" అని వెళ్ళిపోయేది. కొన్నాళ్ళకి మళ్ళీ వచ్చేది. చివరికి రాడ్డుకి తిప్పడానికి మర మిగల్లేదు. అప్పుడే అతను సిలిండరు అరిగిపోయిందని తేల్చి కొత్తది వేశాడు. పాత పిస్టనులో రాడ్డు కూర్చునే గుంట లోతుగా ఉండేది కాబట్టి ఎంత పొడుగైనా సర్దుకుపోయింది. వేరే కంపెనీది కావడంతో కొత్తదానికి అంత లోతు లేదు. అక్క రాడ్డుని ఉన్నదున్నట్టు ఉంచేసి దాన్ని బిగించిన ఘనుడు మన మేస్త్రి.

రాడ్డుని తగ్గించి, పిస్టనుకి ఊపిరాడేంత సందు వదిలి, ఊరంతా తిరిగొచ్చాడు. చక్రాలు చల్లగా ఉన్నాయి. సంతోషించాల్సింది. ఒళ్ళు హూనమై సంతోషం రాలేదో ఏమో, ఒక్క అనుమానం మాత్రం వదల్లేదు. పాత సామాన్ల డబ్బాలోంచి పాత సిలిండరు తీసి విప్పాడు. లోపల వేలు పెట్టి చూశాడు. అద్దంలా నున్నగా ఉంది. ఒక్క గీత లేదు. రబ్బర్లు మెత్తగా, కొత్తవాటిలా ఉన్నాయి.

సిలిండరు అరగనప్పుడు పెడల్ లోతుకి ఎలా పోయింది?

కబురు పెడితే అక్క వచ్చింది. "నువ్వు నడుపు, నేను పక్కన కూర్చుంటా" అన్నాడు. ఇన్నేళ్ళలో అక్క నడుపుతుంటే అతనెప్పుడూ పక్కన కూర్చోలేదు. ఆవిడ వచ్చి తాళంచెవి ఇచ్చేది, అతను ఒక్కడే నడిపి చూసి తిరిగి ఇచ్చేసేవాడు.

వీధి చివరిదాకా బాగానే వచ్చింది. అక్కడ ఒక తోపుడుబండి అడ్డం వచ్చింది. అక్క కుడిచెయ్యి స్టీరింగు వదిలేసింది. చీర మీంచి కుడి తొడని పట్టుకుని, బియ్యం మూట ఎత్తినట్టు కాలుని ఎత్తి బ్రేకు మీద పెట్టింది. రాడ్డు తగ్గించాక పెడల్ ఇదివరకటిలా పైనే పట్టలేదు. ఆ కాలు దాన్ని చివరిదాకా తొక్కలేకపోయింది. తోపుడుబండి దగ్గరైపోయింది. మేస్త్రి సీట్ల మధ్యనున్న హ్యాండ్‌బ్రేక్ లాగాడు. కారు కీచుమని ఆగింది. బండివాడు ఏదో తిట్టి పోయాడు.

మేస్త్రి చెయ్యి ఇంకా హ్యాండ్‌బ్రేక్ మీదే ఉంది.

"ఎప్పటి నుంచక్కా?"

"పెడల్ సరిగ్గా పెట్టలేదు నువ్వు."

"పెడల్ సరిగ్గానే ఉంది. ఎప్పటి నుంచి?"

అక్క తలుపు వైపు తిరిగి కొంగుతో మొహం తుడుచుకుంది. "మోకాలు మొదలై చాన్నాళ్ళైంది. ముందు మెట్లు ఎక్కలేకపోయేదాన్ని. తర్వాత ఇదీ. నువ్వు రాడ్డు జరిపినప్పుడల్లా కొన్నాళ్ళు గడిచేదిరా."

"నాకు చెప్పచ్చుగా?"

"చెప్తే తాళంచెవి లాక్కుంటావు. అప్పుడు ఆయన్ని ఎవరు తీసుకెళ్తారు? నువ్వేమో షెడ్డే మూసేసి పడుకుంటానంటున్నావు. మీ ఆవిడ చెప్పింది." స్టీరింగుని రెండు చేతులా పట్టుకుంది. "నాకోసం కాదురా. ఆయన మళ్ళీ మంచం పడితే నేను చూడలేను."

మేస్త్రికి కోపం వచ్చింది. అక్క మీదో, తన మీదో తెలియలేదు. ఇన్నేళ్ళూ ఆవిడ కాలు వెళ్ళిపోతుంటే తాను రాడ్డు తిప్పుతూ కూర్చున్నాడు. ఏడుపు కూడా వచ్చింది, దానికీ ఓపిక లేక మింగేశాడు.

"దిగు. ఇటొచ్చి కూర్చో" అన్నాడు.

"ఒరేయ్..."

"ఆస్పత్రి రోజుల్లో నేనే వస్తాను. వాదించకు, నా వల్ల కాదు."

"నీ నడుమో?"

"కారు కింద పడుకుంటేనే నెప్పి. కూర్చుంటే ఏం కాదు" అన్నాడు. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. అక్క దిగి, కారు పట్టుకుని చుట్టూ నడుచుకుంటూ వచ్చింది. ఆ నడకని అతను మొదటిసారి సరిగ్గా చూశాడు.

ఇంటి ముందు కారు ఆగేసరికి బావగారు వరండాలో కుర్చీలో ఉన్నారు. "ఆయనకి చెప్పకు, బెంగపెట్టుకుంటారు" అని అక్క గొణిగింది. బావగారు ముందు స్టీరింగు దగ్గరున్న బావమరిదిని చూశారు. తర్వాత అటువైపు తలుపులోంచి దిగుతున్న పెళ్ళాన్ని చూశారు. చూసి, వంకర పోయిన మూతితోనే ఒక పెద్ద నిట్టూర్పు విడిచారు.

"అమ్మయ్య" అన్నారు.

"ఏమిటండీ అమ్మయ్య?" అంది అక్క.

ఆయన బాగున్న కుడిచేతిని పైకెత్తి, పిడికిలి బిగించి, చాటుగా హ్యాండ్‌బ్రేక్ లాగినట్టు లాగి చూపించారు. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ. ఆ తర్వాత పిడికిలి విప్పి, నెప్పిగా ఉందన్నట్టు వేళ్ళు విదిలించారు.

అక్క ఆ వేళ్ళ వైపు చూసింది. ఏడుపో నవ్వో తెలియని గొంతుతో, "అంటే ఇన్నాళ్ళూ నన్ను నమ్మకుండానే పక్కన కూర్చున్నారన్నమాట!" అంది.

బావగారు ఒక్కో మాటా కూడబలుక్కున్నారు. "నమ్మాను. బ్రేకూ... పట్టుకున్నాను."

అక్క ఆయన కాళ్ళ దగ్గర మెట్టు మీద కూలబడి ఆ చేతిని ఒళ్ళోకి తీసుకుంది. మేస్త్రి కారులోంచి దిగలేదు. సీటు వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. వచ్చే వారం ఎన్నింటికి బయల్దేరాలో అడగాలి, అడగడానికి లేవాలి. కాసేపయ్యాక లేస్తాననుకున్నాడు.