అర నాయక్కరు మింగిన మాత్రలు

మా లక్ష్మణసామి మామ ఏ పనీ పూర్తిగా చెయ్యడు. సగంలో ఆపేస్తాడు. ఇది నేను ఆయన మీద మోపుతున్న నేరం కాదు, ఊరంతా ఒప్పుకున్న నిజం. కోవిల్పట్టికి ఒట్టపిడారం వైపున్న మా నల్లరేగడి పల్లెలో లక్ష్మణసామి నాయక్కరు ఇల్లెక్కడని అడిగితే జనం తెల్లమొహం వేస్తారు. అర నాయక్కరు ఇల్లెక్కడంటే నడవడం రాని పిల్ల కూడా వేలు చూపిస్తుంది. అరవంలో అరై అన్నా, తెలుగులో అర అన్నా సగమే కాబట్టి ఆ బిరుదు రెండు భాషల్లోనూ చెల్లిపోయింది.

ఆయన మా అమ్మకు అన్న. నేను విరుదునగర్‌లో పత్తి వ్యాపారం చేసుకుంటూ, తీరికైనప్పుడల్లా ఊరికి వచ్చి ఆయన్ని చూసి నవ్వుకుని పోయేవాణ్ణి.

మంగలి ముందు కూర్చుంటే మామ ఒక చెంప గీయించుకుని లేచిపోయేవాడు.

"సామీ, ఇంకో పక్క?"

"రేపు చూస్తాం లేప్పా."

రేపటికి ఆ సంగతే గుర్తుండదు. అందుకని ఆయన ఒక పక్క పెళ్ళికొడుకులా, ఇంకో పక్క సన్యాసిలా ఉండేవాడు. ఆయన భార్య, మా వీరమ్మత్త, మొగుడితో పోట్లాడాలంటే గడ్డమున్న పక్కకు వచ్చి కూర్చునేది. "ఆ పక్కనుంచి చూస్తే నవ్వొస్తాది. తిట్టేకి కుదరదు" అనేది.

అన్నం సగం తిని విస్తరి ముందునుంచి లేస్తాడు. చేలో పత్తి సగం తీయించి చాలంటాడు. మెరక పొలంలో బావి తవ్వించడం మొదలుపెట్టి, మనిషిలోతు దిగాక ఆపేశాడు.

"నీళ్ళు పడలేదా మామా?" అన్నాను.

"ఏడ పడతాయిరా, ఆపేస్తిని గదా!"

రైలు ప్రయాణమూ అంతే. నన్ను చూడ్డానికి విరుదునగర్‌కు టికెట్టు కొని, నడిమధ్య సాత్తూరులో దిగి, సాయంత్రం బండికి తిరిగి ఇల్లు చేరేవాడు. నేను మాత్రం స్టేషన్లో నిలబడి, దిగినవాళ్ళందరి మొహాలూ చూసి ఇంటికి పోయేవాణ్ణి.

అన్నిటికంటే ప్రమాదం, ఆయన కబుర్లు. ఒకనాడు హడావిడిగా మా ఇంటికొచ్చి, "వత్రాప్‌నుంచి మనిషి వచ్చినాడు. మీ పెదనాయన..." అని, ఏదో గుర్తొచ్చి బయటికి పోయాడు. మా అమ్మ గుండెలు బాదుకుంది. ఇంట్లో పొయ్యి వెలగలేదు. చుట్టాలు నలుగురు అప్పుడే ఏడుస్తూ వచ్చారు. పొద్దు వాలాక మామ కనిపిస్తే అమ్మ గుడ్లనీరు కుక్కుకుంటూ అడిగింది, "ఎట్లా పోయినాడన్నా?"

"ఎవురు పోయింది? కొత్త ఎద్దులు కొన్నాడమ్మా!"

పందొమ్మిది వందల ముప్పై తొమ్మిదో సంవత్సరం, ఐప్పసి నెల వానల్లో మామకు జలుబు చేసింది. జలుబు దగ్గయింది, దగ్గు జ్వరమైంది, ఊపిరి తీస్తే పక్కలో కత్తి దిగినట్టు నొప్పి. ఆయన్ని బండిలో కోవిల్పట్టి చేర్చి రైలెక్కించాను. సాత్తూరులో రైలు ఆగింది. మామ కళ్ళు కూడా తెరవలేదు. అప్పుడు నిజంగా భయమేసింది. సాత్తూరులో దిగాలనిపించనంత జబ్బంటే మాటలా!

విరుదునగర్‌లో డాక్టరు కరుప్పయ్య గారు చెవుల్లో గొట్టం పెట్టుకుని మామ వీపంతా విన్నారు. "నిమోనియా. నిరుడైతే మీకు ధైర్యం చెప్పడం తప్ప ఏమీ చేయలేకపోయేవాణ్ణి. ఇప్పుడు సల్ఫా అని కొత్త మాత్రలొచ్చాయి" అని తన దగ్గరే ఉంచుకుని వైద్యం చేశారు. రెండు మూడు రోజుల్లోనే జ్వరం దిగింది. మామ లేచి కూర్చుని, "ఇంక చాలు, ఇంటికి పోతాము" అన్నాడు. సగం వైద్యమైంది కాబట్టి ఆయన లెక్కకు అంతా అయిపోయినట్టే.

డాక్టరు మిగిలిన మాత్రల పొట్లం అత్త చేతిలో పెట్టారు. "రెండేసి మాత్రలు, నేను చెప్పిన వేళలకు తప్పకుండా వేయాలి. చెంబెడు నీళ్ళు తాగాలి. వాంతయినా, ఒంటి మీద దద్దుర్లు లేచినా వెంటనే నాకు కబురు పెట్టాలి. ఈ పొట్లం అయిపోయేదాకా ఆపకూడదు."

"జొరం సగం తగ్గితే?" అన్నాడు మామ ఆశగా.

"తగ్గినా వేయాలి."

"మొత్తం తగ్గితే?"

"అప్పుడూ వేయాలి."

"ఇదేం నాయమప్పా!" అన్నాడు మామ, నా వైపు తిరిగి.

ఊళ్ళో గడియారం లేదు. కోవిల్పట్టి మిల్లు సంగు, అదే సైరను, కూసినప్పుడు కొన్ని, దీపం పెట్టినప్పుడు కొన్ని, అలా అత్త వేళలు కట్టుకుంది. మాత్రలు చేతిలో పెట్టి, గొంతు కదిలేదాకా కాపలా కాసేది. అయినా వారం తిరక్కుండానే నాకు కబురొచ్చింది. జ్వరం మళ్ళీ లేచింది.

నేను పరుగున వచ్చేసరికి మంచం ఖాళీ. అత్త వాకిట్లో నిలబడి వీధి చివరికి చూస్తోంది. అక్కడ కంబళి కప్పుకున్న ఒక ఆకారం తూలుతూ, దగ్గుతూ, పాలేరు మాడన్ గుడిసెలోకి దూరింది. ఇద్దరం వెనకే పోయాం.

లోపల మాడన్ పెళ్ళాం ఇసక్కియమ్మాళ్ గోనెపట్టా కప్పుకుని వణుకుతోంది. మామ రొండిలోంచి మాత్ర తీసి ఆమె చేతిలో పెడుతున్నాడు.

"మామా!"

మామ ఉలిక్కిపడ్డాడు. "ఇది ఒకటి, నేను ఒకటి. దీనికీ జొరమే గదరా! డాక్టరు రెండిచ్చింది ఎందుకనుకొంటివి?"

అత్త నెత్తిన చెయ్యి పెట్టుకుంది. నేను ఇసక్కియమ్మాళ్‌ను అడిగాను. "ఇన్నాళ్ళిచ్చినవన్నీ మింగితివా?"

"నేనొక్కదాన్నే ఎట్లా మింగేది సామీ? సగం ఆయనకిస్తిని, నడుం నొప్పికి."

మాడన్ తల గోక్కున్నాడు. "అందులో సగం నేను మా చెల్లికిస్తిని సామీ. దానికి పన్ను పోటు."

పక్క గుడిసెలోంచి మాడన్ చెల్లెలు మునియమ్మాళ్ తొంగిచూసింది. "నేను కోడికి సగం పెడితిని. అది తుమ్ముతా ఉండె."

"కోడికా!"

"అది మింగలేదు సామీ. ఉమ్మేసె."

మామనూ, వణుకుతున్న ఇసక్కియమ్మాళ్‌నూ ఒకే బండిలో పడుకోబెట్టి మాడన్‌ను, అత్తను వెంటబెట్టుకుని మళ్ళీ విరుదునగర్ చేర్చాను. సంగతి విన్న డాక్టరు కుర్చీలోంచి లేచారు.

"ఊపిరితిత్తులకిచ్చిన మందు నడుముకీ, పంటికీ, కోడికీనా! ఆ ఊళ్ళో వైద్యం తెలిసింది ఆ కోడికి ఒక్కదానికే!" అని, మామ వైపు తిరిగారు. "అయ్యా, సగం మందు వేస్తే సగం జబ్బు పోదు. మిగిలింది మళ్ళీ బలిసి లేస్తుంది. లేచింది కదా? ఇంకాస్త ఆలస్యమైతే ఈసారి నా చేతిలో కూడా ఉండేది కాదు."

మామ తల వంచుకున్నాడు. "నాకు కాకపోయినా, దానికన్నా నయమయితాదని..."

డాక్టరు ఇసక్కియమ్మాళ్ నాడి చూశారు, కడుపు నొక్కి చూశారు. "చలీ వణుకూ రోజూ వస్తాయా?"

"లేదు సామీ. ఒకదినం బాగుంటాను. మర్నాడు పండ్లు టకటకమంటాయి."

"చూశారా? ఇది మలేరియా. మీ జబ్బు వేరు, ఈమె జబ్బు వేరు. ఈమెకు క్వినైను కావాలి. మీ మాత్రలు బస్తాడు పోసినా ఈమె వణుకు ఆగదు. జ్వరమంటే పైకి కనిపించే మంట. లోపల ఏది కాలుతోందో చూడకుండా నీళ్ళు ఎక్కడ పోస్తారు?"

మాడన్ గుమ్మంలో నిలబడి చేతులు కట్టుకున్నాడు. "కోపపడొద్దండీ. మా సామి ఎప్పుడూ అంతే. వాన లేని ఏడు మా వీధికంతా కూలి లేకపోతే బావి తవ్వమనె. వానొచ్చి చేలల్లో పని దొరకగానే, ఇంక బావెందుకప్పా, పోయి విత్తుకోండి అనె. పత్తి సగం విడిచేదీ మా ఆడోళ్ళు ఏరుకునేదానికే."

నేను తెల్లబోయి అత్త వైపు చూశాను. అత్త కొంగుతో మూతి తుడుచుకుంది.

"నన్నేం చూస్తావు? ఆయన సగం అన్నం వీళ్ళ పిల్లోళ్ళకు పోతాదని నాకు తెలీదనుకొని లేస్తాడు. నేను మొదటినుంచీ రెండింతలు వండుతానే ఉండాను."

"అట్లనా?" అన్నాడు మామ ఆశ్చర్యంగా. "తెలిసుంటే కడుపునిండా తినేవాణ్ణి గదే!"

ఇన్నేళ్ళుగా నేను నవ్వుకున్న సగాలన్నీ గిర్రున తిరిగి నా మొహాన్నే కొట్టినట్టయింది. అయినా ఊరుకోలేక అడిగాను, "మరి ఆ గడ్డం ఎవరికోసం మామా?"

"అది సోంబేరితనంరా."

"సాత్తూరు?"

"ఆడ వెళ్ళరి దోసకాయ బాగుంటాది."

డాక్టరు నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగారు. తర్వాత మామకు సల్ఫా పొట్లం, ఇసక్కియమ్మాళ్‌కు క్వినైను పొట్లం, ఎవరిది వాళ్ళ చేతిలో పెట్టారు. "ఒకరిది ఒకరు ముట్టుకున్నారో, ఇద్దరికీ వైద్యం చెయ్యను."

ఊరు చేరాక ఈసారి మామకు ఎగ్గొట్టే దారి లేదు. ఇసక్కియమ్మాళ్ రోజూ వచ్చి పంచలో కూర్చునేది. "సామీ, మీరు మింగితేనే నేను మింగేది." సల్ఫాకు మామ కడుపు తిప్పేది. క్వినైను చేదుకు ఆమె మొహం ముడుచుకుపోయేది. పైగా ఆ మందు వేసుకుంటే చెవుల్లో ఒకటే హోరు.

"సామీ, సంగు కూసె! మాత్ర మింగండి!"

"ఏదీ? నాకు వినపడలేదే."

"నా చెవిలో కూసె!"

"నీ చెవిలో సంగుకు నేను మింగితే, మిల్లు సంగుకు ఎవురు మింగేది?"

జ్వరం దిగాక ఒకరోజు మామ చేతిలో మాత్రలు పట్టుకుని చాలాసేపు చూశాడు. "బాగయిపోయినాను గదా వీరమ్మా. ఎవురికన్నా పనికొచ్చుండును."

"మింగండి సామీ," అంది పంచలోంచి ఇసక్కియమ్మాళ్. "మీరు పోతే మాకు ఎవురు పనికొస్తారు?"

మామ రెండూ నోట్లో వేసుకుని, చెంబెడు నీళ్ళూ తాగేశాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన తుదిదాకా పూర్తి చేసిన పని ఆ పొట్లం ఒక్కటే. అది అయిపోయిన రోజు అత్త ఆనందం పట్టలేక పాయసం వండింది. ఇసక్కియమ్మాళ్ కూడా తన క్వినైను పూర్తి చేసి కూలికి పోసాగింది.

వీపు ఒకసారి చూపించుకుని పొమ్మని డాక్టరు చెప్పి ఉండటంతో, నేను స్టేషన్‌కు పోయి నిలబడ్డాను. మామ నిజంగానే విరుదునగర్‌లో దిగాడు. ఆయన వెనక మాడన్ నడుం పట్టుకుని దిగాడు. మునియమ్మాళ్ దవడకు గుడ్డ కట్టుకుని దిగింది. కుంటుతూ ఒకరు, కళ్ళు పులుముకుంటూ ఒకరు, ఎవరి చెయ్యో పట్టుకుని ఒక ముసలామె. మాడన్ వీధి మొత్తం దిగినట్టుంది.

డాక్టరు వాకిట్లో ఈ ఊరేగింపును చూసి గొట్టం మెడలో వేసుకుంటూ బయటికొచ్చారు. "నాయక్కరే, వీళ్ళంతా ఎవరు?"

"మందు పంచగూడదని మీరే అంటిరి గదండీ," అన్నాడు మామ అమాయకంగా. "అందుకే ఇప్పుడు డాక్టర్ని పంచుతా ఉండాను."

డాక్టరు చొక్కా చేతులు పైకి మడుచుకుని లోపలికి కేకేశారు.

"కాంపౌండరూ, బెంచీలు బయట వెయ్యి!"