మరియమ్మక్క జవాబు

మొన్న తెనాలి నుంచి బస్సులో వస్తుంటే జంపని దగ్గర కిటికీలోంచి నారు పీకిన బురద వాసన వచ్చింది. నాకు తొమ్మిదేళ్లప్పటి ఒక ఉదయం గుర్తొచ్చింది.

ఆ రోజుల్లో నాన్న అన్నం తింటూ తరచూ ఒకే మాట చెప్పేవాడు. "కష్టపడేవాడికి లోటుండదమ్మా. లేనివాళ్లంతా బద్ధకస్తులే." నేనది అక్షరాలా నమ్మాను.

నాట్ల రోజున నాన్న పక్కన గట్టు మీద నిలబడ్డాను. కూలీల్లో అందరికంటే వేగంగా నాటుతున్నది మరియమ్మక్క. "అక్కా, నువ్వింత కష్టపడతావు కదా, మీ మేడ మా మేడకన్నా పెద్దదా?" అని అడిగాను.

నాటుతున్న చేతులన్నీ ఆగిపోయాయి. ఎవరూ నవ్వలేదు. ఆమె నడుం నిటారు చేసి, నన్ను కాకుండా నాన్నను చూసింది.

"మాది పూరిల్లమ్మా. మీ తాతగారు ఈ పొలం మీ నాన్నగారికి ఇచ్చారు. మా నాన్న కూడా ఈ పొలంలోనే కష్టపడ్డాడు. నాకివ్వడానికి ఆయన దగ్గరేం మిగల్లేదు."

"మా నాన్న చెమటోడ్చి కొన్నాడు," అన్నాడు నాన్న.

"అవునండి. ఇద్దరూ చెమటోడ్చారండి," అని ఆమె మళ్లీ వంగింది.

నాన్న నా చెయ్యి నొప్పి పుట్టేలా పట్టుకుని ఇంటికి లాక్కొచ్చాడు. మర్నాటి నుంచి కూలీల వరసలో మరియమ్మక్క లేదు. జ్వరమొచ్చిందేమో అనుకున్నాను. ఆమెను పిలవొద్దని నాన్నే మేస్త్రికి చెప్పాడని పెద్దయ్యాక అమ్మ చెప్పింది.

నాన్న తన మాటను చివరిదాకా నమ్మాడు. ప్రశ్న అడిగింది నేను. జవాబు చెప్పినందుకు పని పోయింది మాత్రం ఆమెకు.