పదకొండో చుట్టు

మా ఆయన చూపు తగ్గుతోందని ఇంట్లో అందరికంటే ముందు తెలిసింది నాకే. తెగిన పోగు వెతికిపెట్టమని మగ్గం దగ్గరికి నన్ను పిలవడం మొదలుపెట్టాడు. మాది గద్వాలలో చీరలు నేసే ఇల్లు. మా చీరకు ఒళ్లంతా నూలు, అంచు మాత్రం పట్టు. అడ్డంగా పేక పోగు వేసినప్పుడల్లా ఆ రెండూ కలిసేచోట చేత్తో లంకె వేయాలి. లంకెలు తప్పితే అంచు విడిపోతుంది.

దవాఖానలో డాక్టరు పెదవి విరిచాడు. మా అత్తకు డాక్టర్లంటే మొదటినుంచీ పడదు కనుక, ఆ డాక్టరు చేతులెత్తేశాడని విని కొంచెం తృప్తిపడిందనే నా అనుమానం. వెంటనే మొక్కుకుంది. కృష్ణ ఒడ్డున, బెస్తల ఊరికి పైన ఉన్న దేవుడి గుట్ట చుట్టూ పదకొండు శనివారాలు కొడుకును తిప్పుతానని, చూపొస్తే వెండి కళ్లు చెల్లిస్తానని. తిప్పే పని మాత్రం నాకు పడింది. ఆమెకు మోకాళ్ల నొప్పులు.

సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టాం. గుట్ట నడుము చుట్టూ సన్నని కాలిబాట, రాళ్లూ తంగేడు పొదలూ. తువాలు ఒక కొస నేను పట్టుకుని ముందు నడిచేదాన్ని, రెండో కొస ఆయన పట్టుకునేవాడు. ఎవరైనా ఎదురొస్తే వదిలేసేవాడు. పెళ్లాం వెంట దూడలా నడవడం ఆయనకు చచ్చేంత సిగ్గు. సగం దూరం పోయాక ఒక మలుపు దగ్గర నది మొత్తం కింద పరుచుకుని కనిపించేది. బెస్తలవి నాలుగు పుట్లు, తోలు కప్పిన గుండ్రటి పడవలు, నీళ్లమీద తిరుగుతూ ఉండేవి. ఆయన అక్కడ ఆగి, కళ్లు చికిలించి, నాలుగున్నాయని చెప్పేవాడు. నేను అవునని చెప్పేదాన్ని. ప్రతి శనివారం నాలుగే ఉండేవి, ఆయన నాలుగే అనేవాడు. వారం వారం ఆ మాట రావడానికి కొంచెం ఎక్కువ సేపు పట్టేది. అది నాకు తెలుస్తూనే ఉంది.

పదకొండో శనివారానికి ఎండలు ముదిరాయి. కృష్ణ బండల మధ్య మడుగుల్లోకి ఇంకిపోయింది. పుట్లన్నీ ఒడ్డుమీద బోర్లించి ఉన్నాయి. నీళ్లమీద ఏమీ లేదు.

"నాలుగున్నయి గదనే," అన్నాడు. "జర సాఫ్‌గనే కనవడుతున్నయి."

ఆయన మొహం వైపు చూశాను. అన్ని నెలల తరవాత నవ్వుతున్నాడు.

"అవు, నాలుగే," అన్నాను.

ఆ చివరి వారం మా అత్త కూడా బండి కట్టించుకుని వచ్చి గుడి దగ్గర కూర్చుంది. వారం వారం మేం చెప్పే పుట్లు కనపడ్డాయా అని నన్నే అడిగింది, కొడుకును అడగలేదు. కనపడ్డాయన్నాను. ఆమె బొడ్లో సంచి విప్పి, ముందే చేయించి తెచ్చిన వెండి కళ్లు తీసి దేవుడి పాదాల దగ్గర పెట్టేసింది. నేనూ చేతులు జోడించాను.

అది లడాయి కాలం, దేశాల మధ్య పెద్ద యుద్ధం. నూలు దొరకడమే గగనం, పట్టు సంగతి చెప్పక్కర్లేదు. చూపు వచ్చిందని ఆయనే పోయి చెబితే, మాకు పని ఇచ్చే సావుకారు తన దగ్గర మిగిలిన ఒక్క పట్టు పడుగు, అంచుకు నిలువు పోగులు, ఇచ్చాడు. ఇది చెడితే ఇంక తన గడప ఎక్కవద్దని కూడా చెప్పాడు. ఆయన పాటలు పాడుకుంటూ నేశాడు. నేను వంటింట్లోంచి వింటూ, దేవుడు నిజంగానే ఇచ్చాడేమోనని కూడా అనుకున్నాను. మనిషికి అంత ఆశ ఉండకూడదు.

పదో రోజు పాట ఆగింది. వెళ్లి చూస్తే ఆయన చీర అంచు వెంట వేళ్లు పోనిస్తున్నాడు. జానెడు పొడవున పట్టు ఒకవైపు, నూలు ఒకవైపు. ఆ సందులో ఆయన నాలుగు వేళ్లూ దూరాయి.

"ఆ దినం పుట్లు ఎన్నుండెనే?" అన్నాడు.

"ఒక్కటి గూడ లేకుండె. ఒడ్డుకు బోర్లేసిండ్రు."

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది.

"నాకు నల్లనల్లగ ఏందో కనవడ్డది," అన్నాడు. "నువ్వు అవునంటివి. గదే చూపనుకున్న."

మళ్లీ మొక్కుకుందామని ఆ సాయంత్రం మా అత్త కాళ్లు పట్టుకున్నాను. ఆమె కాళ్లు వెనక్కి తీసుకుంది. "ఇచ్చిండని కండ్లు చెల్లిస్తిమి," అంది. "ఇంక ఏం మొఖం పెట్టుకోని అడుగుతం?"

సావుకారు మనిషి వచ్చి మిగిలిన పడుగు విప్పుకుని పోయాడు. మగ్గం మా మరిది చేతికి వెళ్లింది. ఆయన గోడకు ఆనుకుని తమ్ముడికి పేక నూలు కండెలు చుట్టిచ్చేవాడు, మా ఇళ్లలో ఆడవాళ్లు చేసే పని. ఎవరొచ్చారు, పొద్దెంతయింది, మబ్బు పట్టిందా అని నన్ను అడిగేవాడు. నేను ఉన్నదున్నట్టే చెప్పేదాన్ని. చెప్పాక, పక్కన ఇంకెవరైనా ఉంటే వాళ్లను కూడా అడిగేవాడు.