బొంగరం పెట్టిన పచ్చ చుక్క

మా తమ్ముడి కూతురు మొట్టమొదట గెలిచింది ఒక కిటికీ కేసు. ఇద్దరు ముసలి అక్కచెల్లెళ్ల కిటికీకి పొరుగువాడు అడ్డంగా గోడ లేపాడు. ఇలాంటి దానికి పాత తీర్పేదీ లేదని, రాజీ పడమని ఆమె సీనియరు లాయరు చేతులెత్తేశారు. అమ్మాయి ఊరుకోలేదు. కోర్టు వెబ్‌సైటులో పాత తీర్పులన్నీ ఫొటోలు తీసి పెట్టారు. మాట కొట్టి వెతికితే దొరకవు, కొన్నయితే తలకిందులుగా ఉంటాయి. మెడ పక్కకు వాల్చి ఒక్కొక్కటే చదివి, కావలసినది పట్టుకుంది. గోడ దిగింది, అక్కచెల్లెళ్ల గదిలోకి మళ్లీ ఎండ వచ్చింది. ఈమెకు మాత్రం మెడ పట్టేసింది.

పెదనాన్నని కాబట్టి పొగుడుతున్నానంటారేమో. అనండి. ఊరిబడి చదువు నాది. మా ఇంట్లో నల్లకోటు వేసుకున్న మొదటి మనిషి ఆమె. చిన్నప్పుడు ఒకచోట కుదురుగా కూర్చోదని బొంగరం అనేవాళ్లం. ఇప్పుడు కోర్టు వరండాలో కూడా ఆమెకు అదే పేరు.

ఆ మెడనొప్పిలోంచే ఆమె సొంత సైటు పుట్టింది. జిరాక్సు షాపు మేడమీద ఇరుకు గది, కిర్రుమనే కుర్చీలు, ఒక కంప్యూటరు, అంతే. అందులో ఏమున్నాయో చెప్పనివ్వండి. ఏ రోజు ఏ కోర్టులో ఏ కేసు పిలుస్తారో ఒక్కచోట కనిపిస్తుంది. చట్టం సవరించక ముందు ఎలా ఉండేదో, తరవాత ఎలా మారిందో పక్కపక్కనే చూడొచ్చు. భూమి రికార్డులు ఎక్కడ దొరుకుతాయి, కంపెనీ నడుస్తోందో మూతపడిందో ఏ సర్కారు పేజీ చెబుతుంది, ఇంట్లో కూర్చుని కేసు దాఖలు చేయాలంటే ఏం చేయాలి, అన్నిటికీ దారులు పెట్టింది. ఎవరినీ డబ్బడగదు. పేరుమోసిన లాయర్లు కూడా పొద్దున్నే తెరిచేది దీన్నే. అన్నిటికన్నా వాళ్లు మెచ్చేది చుక్కలు. తీర్పు పక్కన పచ్చ చుక్క ఉంటే అది ఇంకా చెల్లుతుంది. ఎర్ర చుక్క ఉంటే పైకోర్టు కొట్టేసింది, వాడొద్దు.

ఆ పచ్చ చుక్కే ఇప్పుడు ఒక మనిషి బతుకుతెరువు మీదకు తెచ్చింది.

కిందటి నెలాఖరున ఒక దర్జీ ఆయాసపడుతూ మేడెక్కి వచ్చాడు. నేనక్కడే ఉన్నాను.

"కోర్టు నా దుకాణం ఖాళీ చెయ్యమందమ్మా. అల్లుడు నా పక్కనే మిషనేసుకు కూచున్నాడు. అంటే యజమానికి చెప్పకుండా దుకాణం వాడికి మారు అద్దెకిచ్చేసినట్టేనంట."

"అల్లుడు నీకు అద్దె ఇస్తున్నాడా?"

"తిన్న కంచం తియ్యడమ్మా వాడు, అద్దెక్కడిస్తాడు!"

నవ్వుతూనే ఆర్డరు తిరగేసింది. మూడో పేజీలో నవ్వు ఆగిపోయింది. దగ్గరి బంధువును కూర్చోబెట్టుకున్నా మారు అద్దె కిందే లెక్క అన్న పాత తీర్పు ఒకటి అందులో ఆధారంగా చూపారు. దుకాణం యజమాని తరఫు లాయరు దాన్ని ఈమె సైటులోంచే తీసుకున్నాడు. కానీ పైకోర్టు పోయినేడాదే ఆ తీర్పును కొట్టేసింది. కొత్త తీర్పును పైకోర్టు సైటులో వేరే విభాగం కింద పెట్టారు. ఈమె అటు చూడలేదు. పచ్చ చుక్క అలాగే ఉండిపోయింది.

కూర్చుంది, లేచింది, మళ్లీ కూర్చుంది. చుక్క ఎర్రగా మార్చి, చరచరా కోర్టుకు నడిచింది. నేను వెనకాలే పరుగు.

"చూసుకోకుండా వాడినవాడిది తప్పు. నీదెలా అవుతుంది?" అన్నారు సీనియరు.

"చుక్క పెట్టింది నేను కదండీ."

యజమాని లాయరు నోటి దురుసు మనిషి. "నీ చుక్క నమ్మే వాదించాను తల్లీ. గెలిచాక రంగు మారిందంటే, నా క్లయింటుకి నా మొహం ఏ రంగులో చూపించమంటావు?"

"నా పేరు చెప్పండి సార్. తప్పు నాదేనని చెప్పండి."

ఆ సాయంత్రమే సైటు మొదటి పేజీలో పెద్దక్షరాలతో రాసి పెట్టింది: ఫలానా తీర్పుకు పచ్చ చుక్క తప్పుగా ఉంచాను, వాడినవాళ్లు వెంటనే సరిచూసుకోండి. మా మరదలు నెత్తి కొట్టుకుంది.

"దిద్దుకుని ఊరుకోక ఈ చాటింపెందుకే? రేపట్నుంచి నీ సైటు మొహం చూసేదెవరు?"

"ఇంకెవరి దుకాణమైనా పోతుంటే? వాళ్లకెలా తెలుస్తుందమ్మా?"

మర్నాడంతా ఫోను మోగుతూనే ఉంది. సగం వెక్కిరింపులే. ఒక్కదాన్నీ కట్ చెయ్యలేదు మా అమ్మాయి. దర్జీ పాత లాయరు సరేనన్నాక వకాలతు తను తీసుకుని అప్పీలు వేసింది. కేసు తొందరగా పిలిపించాలని తనే పైకోర్టున్న నగరానికి వెళ్లింది.

వెళ్తూ నా ఫోనులో సైటు తెరిచి చూపించింది. "రోజూ సాయంత్రం విచారణకొచ్చే కేసుల లిస్టు పెడతారు పెదనాన్నా. చూసి దర్జీ గారికి చెప్పండి." అప్పటినుంచి నాకూ కాలు నిలవడం లేదు. మధ్యాహ్నం నుంచే ఫోను తీస్తాను, పెడతాను. దర్జీ మా గుమ్మంలోకి వస్తాడు.

"వచ్చిందా బాబాయ్?"

"రాలేదయ్యా."

కొత్త బట్ట తీసుకోవడం మానేశాడతను. కుట్టేలోపే తాళం పడితే ఎవరి బట్ట వాళ్లకెలా ఇస్తానంటాడు. దుకాణంలో అల్లుడు మాత్రం పాత చొక్కాలకు గుండీలు కుడుతూ తలెత్తడం లేదు.

నిన్న సాయంత్రం వచ్చింది. విచారణ పదిహేడో తేదీ, బుధవారం. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను, దర్జీ పేరే.

ఈ పొద్దున బస్టాండులో యజమాని లాయరు కనిపించాడు. తనూ పైకోర్టుకే. "ఆ తీర్పు చెల్లదని నేనే లేచి చెప్తాను. మిగతా వాదన మాత్రం వదలను, మీ బొంగరానికి చెప్పండి" అన్నాడు. ఫోను చేసి చెప్పాను.

"వదలొద్దనే చెప్పండి పెదనాన్నా," అంది. గొంతులో ఎన్నాళ్లకో నవ్వు.

దుకాణం ఖాళీ చెయ్యాల్సిన గడువు పద్దెనిమిది మధ్యాహ్నం. ఆపమని ఆర్డరు వస్తే తెచ్చి దర్జీ చేతిలో పెడుతుంది. రాకపోతే మిషన్లు మొయ్యడానికి తనూ ఒక చెయ్యి వేస్తానంది. ఎలా అయినా, బొంగరం వచ్చేది పద్దెనిమిదో తేదీ, గురువారం, పొద్దుటి బస్సుకి.